డిక్కీలో దాచిన చెవులు

కూతురికి రాబోయే ఉద్యోగాన్ని తండ్రి ఒక్క పూటలో ఎలా ఊడగొట్టగలడో నేర్చుకోవాలని మీలో ఎవరికైనా ఉంటే నా దగ్గరికి రండి. నాచారంలో ప్రెస్సు రాజలింగం అంటే ఎవరైనా ఇల్లు చూపిస్తారు. తలుపు మాత్రం కాస్త గట్టిగా కొట్టండి. గట్టిగా ఎందుకో ఓపికగా చదివితే మీకే తెలుస్తుంది.

ముందు నా గొప్పలు చెప్పుకోనివ్వండి. ఎంత ఎత్తు నుంచి పడ్డానో తెలియకపోతే పడ్డవాడిని చూసి నవ్వడంలో మజా ఉండదు.

మీసం రాకముందే జనగామ వైపు నుంచి వచ్చి నాచారం పారిశ్రామికవాడలో పవర్ ప్రెస్ ముందు నిలబడ్డాను. ఇనుప రేకును ఒక్క దెబ్బతో మూతగానో పళ్లెంగానో మార్చే యంత్రం అది. అది దెబ్బ వేస్తే రోడ్డవతల హోటల్లో సాసర్లు కప్పుల కింద నుంచి జారిపోయేవి. చెవులకు పెట్టుకొమ్మని కంపెనీ వాళ్లు నాకు ఒక పసుపుపచ్చ సరంజామా ఇచ్చారు. తల మీదుగా ఒక బద్ద, దాని రెండు కొసలకు రెండు దొప్పలు. నేను దాని ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ట్రంకు పెట్టెలో పడేశాను.

"ప్రెస్సు మీద నిలబడేటోడు చెవులు మూసుకునుడంటే, వంటోడు ముక్కుకు క్లిప్పు పెట్టుకున్నట్టే," అని కుర్రాళ్లకు చెప్పేవాణ్ని. వాళ్లు నన్ను ఉస్తాద్ అని పిలిచేవారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా నా చొక్కా గుండీలు కష్టపడేవి.

చదువంటారా, బడి నన్ను ఐదో తరగతిలోనే వదిలేసింది. నేను చదువును వదల్లేదు. ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు ఏరుకొచ్చి, పక్కన డిక్షనరీ పెట్టుకుని, పెదవులు కదుపుతూ ఇంగ్లిష్ నేర్చుకున్నాను. వాటన్నిటిలో నా ప్రాణం ఒక విజ్ఞాన సర్వస్వం. సర్వస్వమంటే మొత్తం కాదు, ఎం నుంచి పి దాకా ఉన్న ఒకే ఒక్క సంపుటం. అట్ట ఊడిపోయేదాకా చదివాను. మలేరియా, మంగోలియా, పెంగ్విన్లు, ఈ మూడింటి గురించి ఈ రోజుకీ నన్నెవరూ ఓడించలేరు. మిగతా అక్షరాలతో మొదలయ్యే ప్రపంచం ఉన్నట్టు నాకప్పటికి రుజువు కాలేదు.

ఇలాంటి పండితుడి ఇంట్లో మా స్వప్న పుట్టింది.

ప్రెషర్ కుక్కర్ విజిల్ వేస్తే పెరట్లోకి పరుగెత్తేది. స్టీలు పళ్లెం కిందపడితే ఆ పూట అన్నం తినేది కాదు. పలకరిస్తే మన ముఖం వదిలేసి మన భుజం పక్కనున్న గోడతో మాట్లాడేది. తొమ్మిదో తరగతిలో బడి టీచరమ్మ చెప్పగా మా ఆవిడ అనసూయ పట్టుబట్టి పిల్లను పట్నంలో పెద్ద దవాఖానాకు తీసుకుపోయింది. నేనూ వెంట వెళ్లాను, డాక్టర్లకు నాలుగు మాటలు నేర్పుదామని. అక్కడి డాక్టరమ్మ చాలా రోజులు తిప్పి, చాలా ప్రశ్నలు అడిగి చివరికి తేల్చింది. ఆటిజం.

ఇంగ్లిష్‌లో ఆ మాట ఏ అక్షరంతో మొదలవుతుందో చూశారు కదా. నా సంపుటంలో లేదు.

"నేను జర చదువుకున్నోణ్నే డాక్టరమ్మా," అన్నాను. "అసొంటి బీమారి నేనేడ సదువలేదు."

"బీమారి కాదండీ. మెదడు పనిచేసే తీరు అది. పుట్టినప్పటి నుంచీ ఉంటుంది. ఆడపిల్లలు నలుగురినీ చూసి నడుచుకుంటూ దాన్ని కప్పిపెట్టుకుంటారు. అందుకే చాలామందిలో ఆలస్యంగా బయటపడుతుంది."

"జిద్దు అంతే, ఒట్టి మొండితనం. ఇంట్ల టీవీ పెట్టినా చెవులు మూసుకుంటది."

"టీవీ ఎంత గట్టిగా పెడతారు?"

"అందరు పెట్టినట్టే."

డాక్టరమ్మ అనసూయ వైపు చూసింది. అనసూయ పైనున్న ఫ్యాను వైపు చూసింది. ఆ చూపుల అర్థం నాకు తెలియడానికి చాలా ఏళ్లు పట్టింది.

వచ్చేటప్పుడు బస్సులో స్వప్న కిటికీ పక్క కూర్చుని ఉంది. తార్నాక దాటాక ఉన్నట్టుండి అంది: "పేరు దొరికింది బాపూ."

"ఏం పేరు?"

"ఇన్నొద్దులు నన్ను మొండిది అన్నరు, పొగరుది అన్నరు, మనుషుల్ల కలువది అన్నరు. గన్ని పేర్లు యాది పెట్టుకునుడు కష్టం. ఇప్పుడు ఒక్కటే పేరు. ఇగ ఫికర్ లేదు."

దాని ముఖంలో పరీక్ష పాసైన కళ ఉంది. నా ముఖంలో లాలాపేట్ ఫ్లైఓవర్ కింద స్కూటర్ పంక్చరైన కళ ఉంది.

ఆ ఎండాకాలమే స్వప్న ట్రంకు పెట్టెలో ఏదో వెతుకుతూ నా పసుపుపచ్చ దొప్పలు బయటికి తీసింది. కవరు విప్పి చెవులకు పెట్టుకుంది. పెట్టుకుని వంటింట్లో కుక్కర్ ముందు నిలబడింది. విజిల్ వచ్చింది. అది కదల్లేదు. ఇంకో విజిల్ వచ్చింది. అది నవ్వింది. ఆ నెలలోనే మల్కాజిగిరిలో మా వదినె కొడుకు పెళ్లి. అంతకుముందు ఏ పెళ్లికి తీసుకుపోయినా బ్యాండు మొదలుకాగానే బయట ఆగి ఉన్న ఆటోలో దాక్కునే పిల్ల, ఈసారి దొప్పలు పెట్టుకుని పందిట్లో మధ్య వరసలో కూర్చుని అప్పగింతల దాకా ఉంది. బగారా అన్నం మారు వడ్డించుకుంది.

అందరూ సంతోషపడాల్సిన విషయం కదా. చుట్టాలేమన్నారు?

"ఉస్తాద్, బిడ్డ చెవులకు గదేంది? విమానం నడుపుతదా?"

అప్పుడు నాకు సిగ్గేసింది. ఇప్పుడు ఆ అడిగినవాడి మీద మండుతోంది. వాడు కళ్లజోడు పెట్టుకునే అడిగాడు ఆ మాట. కళ్లకు అద్దాలు పెట్టుకుంటే పెద్దమనిషి, చెవులకు దొప్పలు పెట్టుకుంటే వింత మనిషి. ఈ చట్టం ఎవడు రాశాడో నాకు తెలియాలి. సరే, కోపం తర్వాత పడదాం, కథ ఆగిపోతుంది.

స్వప్న పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసింది, యంత్ర భాగాల బొమ్మలు గీసే చదువు. బాగా గీస్తుందని వాళ్ల సార్లన్నారు. ఉద్యోగానికి వెళ్లిన చోటల్లా మాత్రం ఒకటే మాట: అమ్మాయి మనిషి ముఖం చూడదు. అప్పటికి నేను రిటైరై ఇంట్లో కూర్చుని, టీవీలో రాష్ట్రం వస్తుందా రాదా అని రోజంతా అరుచుకునే వాళ్లతో కలిసి అరుస్తున్నాను. ఒకనాడు సుదర్శన్ ఫోన్ చేశాడు. ఒకప్పుడు నా చేతి కింద హెల్పర్‌గా చేరి, నా దగ్గరే ప్రెస్సు నేర్చుకుని, రాత్రి కాలేజీలో చదివి, మా వీధికి దగ్గర్లోనే ఒక ఫ్యాక్టరీకి మేనేజరయ్యాడు.

"ఉస్తాద్, మా డ్రాయింగ్ సెక్షన్‌ల మనిషి కావాలె. బిడ్డను పంపు."

బిడ్డను పంపు అన్నాడు. నువ్వు రా అనలేదు. ఈ తేడా ఐదో తరగతి వాడికి కూడా తెలియాలి.

స్వప్న ఆ రాత్రి అన్నం దగ్గర నాతో అంది: "నాకు ఈ పని కావాలె బాపూ. గీసుడు నాకొస్తది. నడిచి పోవచ్చు, బస్సుల నూకులాట ఉండది. గిసొంటిది మళ్ల దొరకది."

ఏదీ అడగని పిల్ల అడిగింది. ఇక నేను ఊరుకుంటానా? మర్నాటి నుంచి ఇంట్లో ఇంటర్వ్యూ శిక్షణ మొదలుపెట్టాను. అనసూయను ప్లాస్టిక్ కుర్చీలో మేనేజర్‌గా కూర్చోబెట్టాను. ఆమె ఒళ్లో చిక్కుడుకాయలు పెట్టుకుని మేనేజరైంది.

"సార్ కండ్లల్లకు సూడు," అన్నాను.

"కండ్లల్లకు సూస్తే మాట ఇనవడది బాపూ. రెండ్లల్ల ఒక్కటే అయితది."

"అయితే కనుబొమ్మల నడుమ సూడు. కండ్లల్లకు సూసినట్టే ఉంటది."

"ఎంతసేపు?"

"అవతలోడు సూపు తిప్పేదాక."

"నీ లోపమేంది అని అడిగితే?"

"పని మొదలువెడితే తిండి గూడ యాదికుండది అని చెప్పు."

"యాదికుంటది గదా."

"ఇంటర్వ్యూల నిజం చెప్తరా ఎవరన్న?"

మేనేజర్ చిక్కుడు ఈనె తీస్తూ నా వైపు చూసి, "మీరు సప్పుడు జేయకుంటే పిల్లకు పని దొరుకుతది," అంది. ఆ మేనేజర్‌ను అప్పుడే పదవి నుంచి తప్పించాను.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. నడిచి పోదామంది స్వప్న. నేను స్కూటర్ తీశాను. స్కూటర్‌కు ముందు పక్క డిక్కీ ఉంటుంది, దానికి తాళం ఉంటుంది. నా పథకమంతా ఆ డిక్కీలోనే ఉంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగగానే స్వప్న మెడలోంచి దొప్పలు తీసుకున్నాను.

"గవి ఎందుకు తీసినవు బాపూ?"

"మొదటిపారే గవి పెట్టుకొని పోతే ఏమనుకుంటరు?"

"చెవులకు పెట్టుకున్నదనుకుంటరు."

"డిక్కీల పెడ్త. దగ్గర్నే ఉంటయ్, ఫికర్ జేయకు."

"దగ్గరుంటే పని జెయ్యయి. చెవుల మీదుంటె జేస్తయ్."

ఇంత చక్కని తర్కానికి జవాబు లేనప్పుడు తండ్రులందరూ చేసే పనే నేనూ చేశాను. గొంతు పెంచాను. దొప్పలు డిక్కీలో కుక్కి, మూత ఒక్క దెబ్బ కొట్టి మూశాను. ఉస్తాద్ దెబ్బ కదా, టక్కున తాళం పడింది.

ఇక సుదర్శన్ గది. స్వప్న కూర్చుంది. దాని పక్క కుర్చీలో, ఎవరూ కూర్చోమనకుండానే, నేను కూర్చున్నాను. నేను నేర్పింది నేర్పినట్టు స్వప్న సుదర్శన్ కనుబొమ్మల మధ్య చూపు నాటింది. నాటింది కానీ తీయలేదు. సుదర్శన్ మొదట చేత్తో నుదురు తడుముకున్నాడు. తర్వాత రుమాలుతో తుడుచుకున్నాడు. కాసేపటికి కుర్చీలోంచి లేచి, ఫైలు వెతుకుతున్నట్టు నటించి, బీరువా అద్దంలో ముఖం చూసుకుని వచ్చాడు.

"ఏం బొమ్మలు గీస్తవు బిడ్డా?"

"అన్ని గీస్తది," అన్నాను నేను.

"ఉస్తాద్, నేను బిడ్డనడిగిన."

"ప్రెస్సుల బిగించే అచ్చులు, డైల బొమ్మలు గీస్త. గేర్లు గూడ," అంది స్వప్న.

"మంచిది. నీ లోపమేందో చెప్పు."

నేను గర్వంగా కుర్చీకి ఆనుకున్నాను. పాఠం అప్పజెప్పే ఘడియ వచ్చింది. స్వప్న అడిగింది: "బాపు చెప్పమన్నది చెప్పాల్నా, నిజం చెప్పాల్నా?"

సుదర్శన్ నా వైపు చూడకుండా, "రెండు చెప్పు," అన్నాడు.

"బాపు చెప్పమన్నది, పని మొదలువెడితే తిండి యాదికుండది అని. నిజమేందంటే తిండి మస్తు యాదికుంటది. నడుమ పని మారిస్తే నాకు జర టైం పడ్తది, ముందుగాల చెప్పాలె. నలుగురు ఒక్కపారి మాట్లాడితే సమజ్ కాదు. రాసిస్తే మంచిగ జేస్త."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. నేను దాని రెక్కల డిజైన్ పరిశీలిస్తున్నాను. సుదర్శన్ నవ్వాడో లేదో తెలియలేదు. "పా, సెక్షన్ సూద్దం," అని లేచాడు.

డ్రాయింగ్ సెక్షన్ పై అంతస్తులో ఉంది. మెట్లు ప్రెస్ షాపులోంచి ఎక్కాలి. ఈ సంగతి నా పథకంలో లేదు. షాపు తలుపు దగ్గర రజిత అనే అమ్మాయి నిలబడి ఉంది, ఆ ఫ్యాక్టరీలో జనం భద్రత చూసేది ఆమే.

"చెవులకు పెట్టుకున్నంకనే లోపటికి," అంది. గోడకు వరసగా కొక్కేలున్నాయి, ఖాళీగా. "ఇయ్యాల తనిఖీకి బయటోళ్లొచ్చిన్రు సార్. వచ్చిపోయేటోళ్ల కోసం పెట్టినయన్ని ఆళ్ల చెవులకే ఉన్నయి. జర ఆగాలె."

ఆమె మాట పూర్తయ్యేలోపు లోపలి నుంచి ఎవరో తలుపు తోసుకుని బయటికొచ్చారు. అదే క్షణంలో ప్రెస్సు పడింది.

నా ఒంట్లో పాత రక్తం ఉప్పొంగింది. పక్కకు చూస్తే స్వప్న లేదు. గోడ మూల నేల మీద కూర్చుని, మోకాళ్లలో తల పెట్టి, రెండు చేతులతో చెవులు అదిమిపట్టుకుని ఉంది. ఇంకో దెబ్బ పడింది. ఇంకోటి.

ఇక్కడ నవ్వకండి. ఇక్కడ నేనూ నవ్వను. ఏదీ అడగని పిల్ల అడిగిన ఒక్క కోరిక నా కళ్లముందే నేలమీద కూర్చుని ఉంది.

రజిత వచ్చి తలుపు మూసింది. చప్పుడు సగానికి తగ్గింది. నేను నోరు తెరిచాను. తెరవకుండా ఉంటే నేను రాజలింగాన్నే కాదు.

"పొద్దుగాల ఏం తినలేదు సార్, కండ్లు తిరిగినయి," అన్నాను. నా హెల్పర్‌ను జీవితంలో మొదటిసారి సార్ అన్నాను.

నేల మీది నుంచి గొంతు వచ్చింది, తల ఎత్తకుండానే. "తిన్న. దోసెలు తిన్న. నాకు ఆటిజం ఉన్నది సార్. చప్పుడు నాకు దెబ్బ తాకినట్టు తాకుతది. నా చెవుల మఫ్స్ బాపు స్కూటర్ డిక్కీల దాచిపెట్టిండు. గవి తెచ్చిస్తే లేస్త, పని సూస్త."

సుదర్శన్ నా వైపు తిరిగాడు. చేతికింద ఉన్నప్పుడు వాడు డై తప్పుగా బిగిస్తే నేను ఎలా చూసేవాణ్నో సరిగ్గా అలా చూశాడు. నా దగ్గర నేర్చుకున్నవన్నీ వాడు మర్చిపోలేదు.

"ఉస్తాద్. పోయి తే."

పరుగెత్తాను. స్కూటర్ దగ్గరికి చేరి జేబులో చెయ్యి పెట్టాను. డిక్కీ తాళంచెవి లేదు. ఇంకో జేబు. లేదు. అప్పుడు గుర్తొచ్చింది. స్వప్న చేతికి దొరక్కూడదని ముందుజాగ్రత్తగా దాన్ని ఆ దొప్పల కిందే పెట్టి మూత కొట్టాను. అంత జాగ్రత్త గల మనిషిని నేను.

అప్పుడే చాయ్ గంట కొట్టారు. పనివాళ్లందరూ గ్లాసులతో బయటికొచ్చి నా చుట్టూ నిలబడ్డారు.

"ఏమైంది ఉస్తాద్?"

"తాళంచెవి లోపట వడ్డది."

"ఏ లోపట?"

"డిక్కీల."

"మరి డిక్కీ ఎట్ల మూసినవు?"

"చేతితోటి మూసిన. ఇంక దేనితోటి మూస్తరు?"

వాచ్‌మన్ వంగి డిక్కీని చూసి, "మస్తు గట్టిగ మూసిండు," అని మెచ్చుకున్నాడు. ఒకతను స్క్రూడ్రైవర్ ఇచ్చాడు. ఇంకొకతను గడ్డపలుగు తెమ్మంటారా అని అడిగాడు. చాయ్ చల్లారకముందే నా స్కూటర్ డిక్కీని నా చేతులతోనే చీల్చి, దొప్పలు చంకలో పెట్టుకుని వెనక్కి పరుగెత్తాను. వెనక నుంచి ఎవరో, "దొంగలైనా గింత సాఫ్‌గ తియ్యరు," అన్నారు.

స్వప్న దొప్పలు తీసుకుంది. చెవులకు పెట్టుకుంది. కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉంది. లేచింది, చున్నీ సర్దుకుంది. "ఇప్పుడు పోదం సార్," అంది. రజిత తలుపు తీసింది. దాని వెనకే నేనూ అడుగు వేశాను.

"మీరాగాలె," అంది రజిత. "మీ చెవులకేం లేవు."

"అమ్మా, నేను ప్రెస్సు ఉస్తాద్‌ను."

"అందుకే చెప్తున్న, కాకా."

తలుపు మూసింది. అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. ఎవరి చెవుల మీద అవి ఉంటే పరువు పోతుందనుకున్నానో ఆ పిల్ల, ప్రెస్సుల మధ్య నుంచి తల ఎత్తుకుని మెట్లెక్కి పోయింది. అక్కడున్న వాళ్లందరి చెవులకూ అవే పసుపుపచ్చ దొప్పలు. ఆ షాపులో వింత మనిషిని ఎవరైనా వెతికితే తలుపు బయట దొరుకుతాడు.

పైన పిల్లకు ఏదో గీయడానికిచ్చారు. కింద నేను కాలుకాలిన పిల్లిలా తిరుగుతుంటే పక్క గదిలో పనివాళ్లకు ఏటా చేసే చెవుల పరీక్ష జరుగుతోంది. ఒక సిస్టర్, ఒక మిషను, టెలిఫోన్ బూత్ లాంటి గాజు గది. పోయిన పరువు కాస్తయినా ఇక్కడ రాబట్టుకుందామనిపించింది.

"సిస్టరమ్మా, జిందగీ అంత ప్రెస్సు కాడ ఉన్న. ఒక్కనాడు చెవులు మూయలేదు. నా చెవులు సూడు, గుడి గంటల లెక్క ఉంటయ్."

"అయితే కూసోండి కాకా. చప్పుడు ఇనవడంగనే చెయ్యి లేపాలె."

బూత్‌లో కూర్చున్నాను. చెవులకు ఏవో తగిలించింది, అవీ దొప్పలే. చేతిని మోకాలి మీద సిద్ధంగా ఉంచుకున్నాను. చప్పుడెప్పుడొస్తుందా అని చూస్తున్నాను. సిస్టర్ అవతల గుండీలు తిప్పుతోంది, ఏదో రాసుకుంటోంది. చిన్న పిల్ల, మిషను కొత్త కాబోలు అని జాలిపడ్డాను. ఒకటి రెండుసార్లు ఏదో గుయ్‌మంటే మొహమాటానికి చెయ్యి లేపాను. చివరికి తలుపు తెరిచి నా చెవులకున్నవి తీసేసింది.

"షురూ చెయ్యమ్మా ఇగ," అన్నాను.

"అయిపోయింది కాకా."

అప్పుడే స్వప్న మెట్లు దిగి వచ్చింది, వెనక సుదర్శన్. "బాపూ, రేపటి సంది రమ్మన్నరు," అంది, పొద్దున దోసెలు తిన్నానని చెప్పినంత మామూలుగా. సుదర్శన్ మాత్రం నా చెవి దగ్గరికి వంగి గట్టిగా అన్నాడు: "ఉస్తాద్, ఇంటర్వ్యూ చెడగొట్టింది నువ్వు, నిలవెట్టింది బిడ్డ."

సిస్టర్ చేతిలో నా పరీక్ష కాగితం ఉంది, పైన 'చప్పుడుతో వచ్చిన చెవుడు' అని రాసి. దాని మీద గీత ఎడమ నుంచి బయలుదేరి, మౌలాలి గుట్ట మీంచి జారినట్టు కుడివైపు కిందికి జారిపోయింది. స్వప్న దాన్ని చాలాసేపు చూసింది. గీతలు చదవడం దాని పని కదా.

"అందుకేనా టీవీ గట్ల పెడ్తవు," అంది. "ఆరు ఇండ్ల అవతల ఉన్న ముసలవ్వకు కూడా వార్తలు ఇనవడ్తయి. నేను అదీ నా ఆటిజమే అనుకున్న."

"మరి కుక్కర్, పెళ్లి బ్యాండు..." అన్నాను.

"టీవీ ఒక్కటి నీది బాపూ. మిగిలిందంత నాదే."

అది నా భుజం మీద చెయ్యి వేసింది. మామూలుగా ఎవరినీ ముట్టుకోదు. ముఖం గోడవైపు తిప్పి, బస్సులో చెప్పిన మాటే చెప్పింది:

"పేరు దొరికింది బాపూ. ఇగ ఫికర్ లేదు."

ఆ తర్వాత నా చెవికి మిషను వచ్చింది. అది పెట్టుకుని ఇంటికి రాగానే అనసూయ వంటింట్లో ఇన్నేళ్లుగా ఏం గొణుగుతోందో మొదటిసారి వినపడింది. అంతా నా గురించే. రాష్ట్రం వచ్చిన రోజున ఉప్పల్ రింగ్ రోడ్డు మీద డప్పులు, పటాకులు, గులాల్. స్వప్న తన పసుపుపచ్చ దొప్పలు పెట్టుకుని, తనతో పనిచేసే అమ్మాయిలతో కలిసి జనం మధ్య చేతులెత్తి ఎగురుతోంది. అప్పటికి ఆ సెక్షన్‌లో కొత్తవాళ్లకు పని నేర్పేది అదే, నేర్పేదేదైనా ముందు రాసిస్తుందట. ఒకాయన నా దగ్గరికొచ్చి, దాన్ని చూపిస్తూ ఏదో అన్నాడు. పెదవులను బట్టి చూస్తే విమానం ప్రశ్నే అయి ఉంటుంది. నేను సమాధానంగా నా చెవి మిషను తీసి జేబులో వేసుకుని, హాయిగా నవ్వుతూ నిలబడ్డాను.

కాబట్టి, ఎం నుంచి పి దాకా చదివిన సమస్త విజ్ఞానం సాక్షిగా, చీలిన డిక్కీ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను. ఏ మనిషి చెవుల మీద ఉన్నదీ ఇక నా చేత్తో తీయను. ఏ ఇంటర్వ్యూకూ పిలవకుండా పోను. ఏ తాళంచెవినీ తాళం వేసే పెట్టెలో పెట్టను.

నా చెవిలోది తీసుకునే హక్కు మాత్రం నాకే ఉంచుకున్నాను. ఇది రాస్తున్నప్పుడు కూడా తీసే ఉంది. అందుకే తలుపు గట్టిగా కొట్టమన్నది.